బెంగళూరులో ఇల్లు గానీ లేఅవుట్ గానీ కట్టేవారికి వాననీటి నిబంధనలు: స్థలం చూసే రోజు నుంచి కాలువ పూడిక తీసే రోజు వరకు

సర్జాపుర రోడ్డు, హూడి, కె.ఆర్.పురం, హొరమావు వైపు స్థలాలు కొంటున్న తెలుగు కుటుంబాలవారు, రెండు మూడు ఎకరాలలో చిన్న లేఅవుట్ వేస్తున్నవారు పదే పదే అడుగుతున్న ప్రశ్న ఇది: వాననీటికి సంబంధించి ఏ ఆఫీసుకు వెళ్ళాలి, ఏ పని ముందు చేయాలి, ఏది తరువాత చేయాలి?

వాననీటి నిబంధనలన్నీ ఒకే పుస్తకంలో, ఒకే కార్యాలయంలో లేవు. రాజకాలువ (వాననీటిని మోసే ప్రధాన కాలువ) పక్కన కట్టకుండా వదలవలసిన జాగా, అంటే బఫర్, మాస్టర్ ప్లానులో ఉంటుంది, వాననీటి నిల్వ జలమండలి (నగర నీటి సరఫరా, మురుగునీటి మండలి) చట్టంలో ఉంటుంది, వాగు ఆనవాలు రెవెన్యూ రికార్డులో ఉంటుంది. ఒక ఆఫీసు ఇచ్చిన అనుమతి మరొక ఆఫీసు అడగబోయే ప్రశ్నకు జవాబు కాదు. అందువల్ల పనుల వరుసను ఆఫీసులను బట్టి కాకుండా నీటి నడకను బట్టి పెట్టుకోవాలి. మన స్థలంలోకి నీరు ఎక్కడి నుంచి వస్తుందో, మన స్థలం నుంచి ఎక్కడికి పోతుందో తేలకముందు ప్లాను గీయించవద్దు. ఈ మార్గదర్శి మొత్తం ఆ వరుసలోనే సాగుతుంది.

1. మీ స్థలం ఎవరి పరిధిలో ఉందో మొదట తేల్చుకోండి

2025 సెప్టెంబరులో బీబీఎంపీ స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ (జీబీఏ) కింద ఐదు నగర పాలక సంస్థలు ఏర్పడ్డాయి. పాత కాగితాల మీద బీబీఎంపీ అని ఉన్నా, ఇప్పుడు మీ వార్డు ఆ ఐదింటిలో దేనికి చెందుతుందో చూసుకొని అక్కడికే వెళ్ళాలి. నగరం అంచులు దాటితే ఆనేకల్, హొసకోటె, నెలమంగల వంటి ప్రణాళికా ప్రాధికారాలు ఉంటాయి. విమానాశ్రయం వైపు ప్రాంతానికి వేరే ప్రాధికారం ఉంది.

వాననీటి విషయంలో మీకు పని పడే చోట్లు ఇవి:

- రోడ్డు పక్క కాలువ, బిల్డింగ్ ప్లాను శాంక్షన్: నగర పాలక సంస్థ ఇంజనీర్లు, టౌన్ ప్లానింగ్ విభాగం
- రాజకాలువ: వరదనీటి కాలువల విభాగం
- మాస్టర్ ప్లాను, లేఅవుట్ అనుమతి: మీ ప్రాంతపు ప్రణాళికా ప్రాధికారం
- వాననీటి సేకరణ, నీటి కనెక్షన్, యూజీడీ (భూగర్భ మురుగు కాలువ): జలమండలి (బీడబ్ల్యూఎస్‌ఎస్‌బీ)
- సర్వే, ఖరాబు, వాగు రికార్డులు: తహసీల్దారు కార్యాలయం, భూమాపన శాఖ
- చెరువు పక్క స్థలం: చెరువుల సంరక్షణ, అభివృద్ధి ప్రాధికారం

మొత్తం నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు గానీ అంతకు మించి గానీ ఉంటే, 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం రాష్ట్ర స్థాయి పర్యావరణ అనుమతి కూడా ముందుగా తీసుకోవాలి. వాననీటి పారుదల వివరాలు ఆ దరఖాస్తులో భాగం.

2. అడ్వాన్సు ఇచ్చే ముందే రికార్డులలో నీటి దారిని వెతకండి

ఎక్కువ నష్టం జరిగేది ఈ మెట్టు దాటవేసినప్పుడే. ఎండాకాలంలో చూసిన స్థలం చదునుగా, పొడిగా ఉంటుంది. పక్కన నాలుగు అడుగుల కాలువ కనిపిస్తే అది రోడ్డు మురుగు అనుకుంటాం. రికార్డులో అదే రాజకాలువ కావచ్చు.

మొదట గ్రామ నకాశా, అంటే రెవెన్యూ గ్రామ పటం తీసుకోండి. అందులో చెరువులు, వాటిని కలిపే వాగులు గీతలుగా కనిపిస్తాయి. ఇప్పుడు రోడ్డు ఉన్న చోట పటంలో వాగు ఉంటే, వాన పడిన రోజున ఆ నీరు రోడ్డును కాదు, పల్లాన్ని వెతుక్కుంటూ వస్తుంది.

తరువాత పహాణీ (భూమి హక్కు, సాగు వివరాల రికార్డు) చూడండి. మొత్తం విస్తీర్ణం నుంచి ఖరాబు కింద తీసివేసిన గుంటలు ఎన్ని ఉన్నాయో అందులో ఉంటుంది. సాగుకు పనికిరాని సొంత భూమి ఎ ఖరాబు కిందికి వస్తుంది. దారి, వాగు, కాలువ వంటి ప్రజావసరాలకు విడిచిన భూమి బి ఖరాబు కిందికి వస్తుంది. బి ఖరాబు అమ్మేవారి సొత్తు కాదు. భూ మార్పిడి ఉత్తర్వు (సాగుభూమిని ఇళ్ళ స్థలంగా మార్చే అనుమతి) ఉందని చెప్పినా, ఆ ఉత్తర్వులోని విస్తీర్ణం బి ఖరాబును తీసివేసిన తరువాతిదా, కలిపినదా అన్నది చదివి చూడాలి. మూడు గుంటల బి ఖరాబు అంటే 3,267 చదరపు అడుగులు, అంటే దాదాపు మూడు 30×40 అడుగుల సైట్లు. లేఅవుట్ పటంలో ఆ మూడు సైట్లు ఎక్కడ ఉన్నాయో మీరు అడగకపోతే, వాటిలో ఒకటి మీదే కావచ్చు.

రికార్డులు కన్నడంలో ఉంటాయి. లిపి దగ్గరిది కనుక కొంచెం ఓపిక పడితే మనవారు చదవగలరు. హళ్ళ అని ఉంటే వాగు, కెరె అంటే చెరువు, కట్టె అంటే కుంట, కోడి అంటే అలుగు, తూబు అంటే తూము. ఈ ఐదు మాటలలో ఏది కనిపించినా అక్కడ ఆగి సర్వేయరును అడగండి.

భూమాపన శాఖవారి దిశాంక్ యాప్‌లో మీరు నిలబడిన చోటు ఏ సర్వే నంబరులో ఉందో ఫోనులోనే తెలుస్తుంది. మొదటి వడపోతకు అది చాలా ఉపయోగం. అయితే ఫోను చూపే స్థానం కొన్ని మీటర్లు అటూ ఇటూ అవుతుంది, బఫర్ తగాదాలో ఆ కొన్ని మీటర్లే ముఖ్యం. కాబట్టి తుది నిర్ణయానికి అధికారిక సర్వే స్కెచ్చే ఆధారం.

చేతిలో ఉండవలసినవి:

- గ్రామ పటం నకలు
- పహాణీ, ఆకార్‌బంద్ (విస్తీర్ణాల రిజిస్టరు), టిప్పణి (సర్వే కొలతల పటం)
- భూ మార్పిడి ఉత్తర్వు, అందులోని విస్తీర్ణం
- ఆమోదం పొందిన లేఅవుట్ పటం
- మాస్టర్ ప్లానులో మీ సర్వే నంబరు ఉన్న పటం
- లైసెన్సు ఉన్న సర్వేయరు సంతకంతో స్కెచ్, దాని మీద కాలువ మధ్యరేఖ

3. బఫర్‌ను కాగితం మీద గీసి చూడండి

2015 సవరించిన మాస్టర్ ప్లాను రాజకాలువలను మూడు తరగతులుగా విభజించింది. ప్రాథమిక కాలువకు 50 మీటర్లు, ద్వితీయ కాలువకు 25 మీటర్లు, తృతీయ కాలువకు 15 మీటర్లు చొప్పున, కాలువ మధ్యరేఖ నుంచి రెండు వైపులా బఫర్ వదలాలన్నది. చెరువు చుట్టూ 30 మీటర్లను నిర్మాణ నిషిద్ధ ప్రాంతంగా పెట్టింది.

2016 మే నెలలో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఈ దూరాలను పెంచింది, చెరువులకు 75 మీటర్లు అన్నది. 2019 మార్చిలో సుప్రీంకోర్టు ఆ పెంపును కొట్టివేయడంతో మాస్టర్ ప్లాను దూరాలే మళ్ళీ నిలిచాయి. బ్రోకర్లు, పాత బ్రోషర్లు ఇప్పటికీ ఈ రెండు రకాల అంకెలను కలిపి చెబుతుంటారు. ఎవరి మాట మీదా ఆధారపడకుండా, మీ సర్వే నంబరుకు ఈ రోజు వర్తించే జోనింగ్ నిబంధన ఏమిటో, తరువాతి సవరణలతో సహా ప్లానింగ్ విభాగం నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

ఒక ఉదాహరణ చూద్దాం. 30×40 సైటుకు లోతు 40 అడుగులు, అంటే సుమారు 12.2 మీటర్లు. వెనుక సరిహద్దు నుంచి 5 మీటర్ల దూరంలో తృతీయ కాలువ మధ్యరేఖ ఉన్నదనుకుందాం. 15 మీటర్లలో 5 మీటర్లు సైటు బయటే పోయినా, మిగిలిన 10 మీటర్లు సైటు లోపలికి వస్తాయి. కట్టుకోవడానికి మిగిలేది ముందు వైపు 2.2 మీటర్లు, అందులో నుంచి సెట్‌బ్యాక్ (సరిహద్దు పక్కన వదిలే ఖాళీ) కూడా వదలాలి. ఆ సైటు మీద ఇల్లు లేదు. కాలువ అంత దూరంలో ఉంది కదా అన్న ధైర్యం ఈ ఒక్క గీతతో తేలిపోతుంది.

రెండు, మూడు ఎకరాల లేఅవుట్ వేసేవారు బఫర్‌ను నష్టంగా కాక పార్కుగా ప్లానులో చూపవచ్చు. లోయ భాగం లేఅవుట్‌లో కలిసి ఉంటే దానిని తప్పనిసరి ఖాళీ స్థలంలో లెక్కించుకునే వెసులుబాటు మాస్టర్ ప్లాను ఇచ్చింది. నీటి నడకకు అడ్డం రాని దారులు, కల్వర్టులు, మురుగు శుద్ధి కేంద్రాల వంటివి అక్కడ అనుమతిస్తారు. ఇళ్ళు మాత్రం కాదు.

4. స్థలాన్ని వానలో చూడండి

బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉన్న మెరక. ఇక్కడి నీరు హెబ్బాళ, కోరమంగల–చల్లఘట్ట, వృషభావతి లోయలలోకి చెరువు నుంచి చెరువుకు గొలుసుగా దిగుతుంది. పై చెరువు నిండితే అలుగు దూకి కింది చెరువుకు వస్తుంది. మీ స్థలం ఆ రెండింటి మధ్య పల్లంలో ఉంటే, మీ వీధిలో చినుకు పడకపోయినా మీ గుమ్మంలోకి నీరు రావచ్చు. 2022 సెప్టెంబరు 4, 5 తేదీల మధ్య నగరంలో ఇరవై నాలుగు గంటలలో 131.6 మిల్లీమీటర్ల వాన పడినప్పుడు యమలూరు, బెళ్ళందూరు, సర్జాపుర రోడ్డు ప్రాంతాలు మునిగినది ఈ గొలుసు తెగిన చోట్లనే. కాలువ సన్నబడిన చోట, మూసుకుపోయిన చోట నీరు పక్కకు మళ్ళింది.

స్థలం దగ్గర చేయవలసిన పనులు:

- సెప్టెంబరు, అక్టోబరు నెలలలో గట్టి వాన పడిన మరునాడు వెళ్ళండి. నగరంలో ఎక్కువ వాన పడేది సెప్టెంబరులోనే.
- పై వైపు అర కిలోమీటరు, కింది వైపు అర కిలోమీటరు నడవండి. కాలువ వెడల్పు ఎక్కడ తగ్గిందో, కల్వర్టు ఎక్కడ చిన్నదో ఫోటోలు తీసుకోండి.
- ప్రహరీ గోడల మీద, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మెల మీద బురద చార చూడండి. అది ఆ వీధిలో నీరు నిలిచిన ఎత్తు. రోడ్డు నుంచి ఆ చార ఎంత ఎత్తున ఉందో టేపుతో కొలిచి రాసుకోండి.
- చుట్టుపక్కల పాత ఊరివారిని, కిరాణా కొట్టువారిని అడగండి. నీరు ఏ గుమ్మం దాకా వచ్చిందో వారు వేలు పెట్టి చూపిస్తారు.
- సర్వేయరుతో లెవెల్స్ (ఎత్తు పల్లాల కొలతలు) తీయించండి. సైటు నాలుగు మూలలు, రోడ్డు మధ్య, కాలువ అడుగు, కాలువ పైగట్టు, కింది కల్వర్టు అడుగు అందులో ఉండాలి.

చివరి అంశాన్ని ఖర్చు దండగ అనుకొని వదిలేసేవారు ఎక్కువ. కానీ కాలువ అడుగు మీ పైపు అడుగు కంటే ఎత్తున ఉంటే, మీరు ఎంత ఖరీదైన వ్యవస్థ కట్టినా నీరు బయటకు పోదు, తిరిగి లోపలికి వస్తుంది. పునాది ఎత్తు, సెల్లారు ఉండవచ్చా లేదా, ఇంకుడు బావి ఎక్కడ అన్న నిర్ణయాలన్నీ ఈ ఒక్క కాగితం మీద ఆధారపడతాయి.

5. లెక్క వేయండి

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే నిబంధనలోని అంకెలు కూడా అర్థమవుతాయి.

జలమండలి చట్టంలో 2009లో 72ఎ సెక్షన్ చేరింది. దాని ప్రకారం 30×40, అంతకు పైబడిన సైట్లలో కొత్తగా కట్టే ఇళ్ళకు, 60×40, అంతకు పైబడిన సైట్లలోని పాత ఇళ్ళకు వాననీటి సేకరణ తప్పనిసరి. మొదట చదరపు మీటరు డాబాకు 20 లీటర్లు, గచ్చు చేసిన ఖాళీ స్థలానికి 10 లీటర్లు ఉండేది. 2021 సవరణతో అవి 60 లీటర్లు, 30 లీటర్లు అయ్యాయి. ఆ మేరకు నీటిని నిల్వ చేయవచ్చు, లేదా భూమిలోకి ఇంకించవచ్చు. ఏర్పాటు చేయకపోతే నీటి బిల్లు మీద అదనపు రుసుము పడుతుంది.

80 చదరపు మీటర్ల డాబా, 20 చదరపు మీటర్ల గచ్చు ఉన్న 30×40 ఇంటికి:

- డాబా: 80 × 60 = 4,800 లీటర్లు
- గచ్చు: 20 × 30 = 600 లీటర్లు
- మొత్తం: 5,400 లీటర్లు

మూడు అడుగుల వ్యాసం, ఇరవై అడుగుల లోతు ఉన్న ఇంకుడు బావిలో సుమారు 4,000 లీటర్లు పడతాయి. దానితో పాటు డాబా నీటికోసం 2,000 లీటర్ల సంప్ విడిగా కట్టుకుంటే నిబంధన పూర్తవుతుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. చదరపు మీటరుకు 60 లీటర్లు అంటే 60 మిల్లీమీటర్ల వాన. 131 మిల్లీమీటర్లు పడిన రోజున సగానికి పైగా నీరు మీ నిల్వను దాటి బయటకు వస్తుంది. నిబంధన కోరినంత నిల్వ కట్టామని పొర్లు నీటికి దారి పెట్టకపోతే ఆ నీరు సెల్లారులోకో పక్కింటిలోకో పోతుంది. నిల్వ ఎంత ముఖ్యమో పొర్లు దారి అంతే ముఖ్యం.

లేఅవుట్‌కు లెక్క వేరు. ఇంజనీర్లు వాడే పద్ధతిలో పారుదల గుణకాన్ని (పడిన వానలో ఇంకకుండా పారే వంతును), గంటకు మిల్లీమీటర్లలో వాన తీవ్రతను, హెక్టార్లలో విస్తీర్ణాన్ని గుణించి 360తో భాగిస్తే సెకనుకు ఎన్ని ఘనపు మీటర్ల నీరు వస్తుందో తేలుతుంది. ఒక ఎకరం, అంటే 0.405 హెక్టారు, సాగుభూమిగా ఉన్నప్పుడు గుణకం 0.3 అనుకుందాం. ఇళ్ళు, రోడ్లు వచ్చాక 0.75 అనుకుందాం. గంటకు 60 మిల్లీమీటర్ల తీవ్రతతో వాన పడితే, మునుపు సెకనుకు 20 లీటర్లు పారిన చోట ఇప్పుడు 51 లీటర్లు పారుతుంది. అదే వాన అర గంట ఆగకుండా కురిస్తే అదనంగా వచ్చే నీరు సుమారు 55,000 లీటర్లు. ఎకరానికి అంత నీటిని కాసేపు ఆపి మెల్లగా వదిలే పల్లపు పార్కు గానీ, కుంట గానీ లేఅవుట్‌లో ఉండాలి. ఇది స్థూలమైన అంచనా. మీ ఇంజనీరు స్థానిక వాన తీవ్రత పట్టికలతో, 2019లో కేంద్ర ప్రభుత్వ సంస్థ సీపీహెచ్‌ఈఈఓ వెలువరించిన వరదనీటి పారుదల మాన్యువల్ ప్రకారం సరిగా వేయాలి. చిన్న లేఅవుట్‌కు ఈ నిల్వ ఎవరూ అడగలేదని మానేయడం న్యాయం కాదు, ఎందుకంటే సెకనుకు ఆ 31 లీటర్ల అదనపు పారుదల కింది వీధిలోని ఎవరి ఇంటి ముందో చేరుతుంది.

6. డాబా నుంచి కాలువ దాకా వరుసగా డిజైన్ చేయండి

1. డాబా వాలు, దిగు పైపులు. ఆకులు పోకుండా ప్రతి పైపు నోటికి జాలీ.
2. తొలి వాన నీటిని వేరుగా వదిలే పైపు. దుమ్ము, పక్షి రెట్టలు అందులో పోతాయి.
3. ఫిల్టరు. తీసి కడగగలిగే చోట, నడుము ఎత్తులో ఉండాలి.
4. వాననీటి సంప్. డాబా నీరు మాత్రమే ఇందులోకి రావాలి.
5. సంప్ నిండాక పొర్లిన నీరు ఇంకుడు బావికి.
6. గచ్చు, పార్కింగ్ నీరు పూడిక తొట్టి గుండా ఇంకుడు బావికి. నూనె మరకలు పడే పార్కింగ్ నీటిని నూనె ఆపే తొట్టి లేకుండా బావికి కలపకూడదు.
7. బావి నిండాక పొర్లిన నీరు రోడ్డు పక్క వాన కాలువకు. ఈ పైపు అడుగు కాలువ అడుగు కంటే ఎత్తున ఉండాలి.

సెప్టిక్ ట్యాంకు, మురుగు పైపుల నుంచి బావిని వీలైనంత దూరం పెట్టండి. పునాదులకు ఆనించి తవ్వకండి. చెరువు పక్కన, లోయ అడుగున ఉన్న సైట్లలో వానాకాలంలో భూగర్భ జలం పైకి వస్తుంది కనుక ఇంకుడు బావి తానే నిండిపోతుంది. అటువంటి చోట నిల్వ ట్యాంకు మీదే ఆధారపడాలి.

బావి తవ్వకానికి సర్జాపుర దగ్గర భోవిపాళ్యలో ఉండే మణ్ణువడ్డర కుటుంబాలవారిని పిలవడం మేలు. తరతరాలుగా ఇదే పని చేస్తున్నవారు, మట్టి పట్టి చూసి ఎక్కడ రాయి తగులుతుందో, ఎక్కడ నీరు ఇంకుతుందో చెబుతారు. చాలామంది ఇళ్ళలో తెలుగు యాసే మాట్లాడతారు కనుక మనవారికి మాట్లాడుకోవడమూ సులువు. తవ్వుతున్నంత సేపు సిమెంటు రింగులు దింపుతూ వెళ్ళమనండి. పూర్తయిన వెంటనే బండి ఎక్కినా విరగని మూత వేయించండి. నోరు తెరిచిన బావిని ఒక్క రాత్రి కూడా వదలవద్దు.

జయనగరలోని సర్ ఎం. విశ్వేశ్వరయ్య వాననీటి సేకరణ కేంద్రంలో ఈ ఏర్పాట్ల నమూనాలు కట్టి చూపించారు. ఫిల్టరు కొనే ముందు మేస్త్రీని వెంట తీసుకొని అక్కడికి వెళ్ళండి. కాగితం మీద గంట చెప్పినా అర్థం కానిది అక్కడ చూడగానే తెలుస్తుంది.

7. దరఖాస్తులో చూపవలసినవి

- సైటు ప్లాను మీద కాలువ మధ్యరేఖ, బఫర్ గీత, దూరాలు
- ప్రస్తుత లెవెల్స్, నిర్మాణం తరువాతి లెవెల్స్
- డాబా, గచ్చు విస్తీర్ణాలు, లీటర్ల లెక్క
- సంప్, బావి, ఫిల్టరు స్థానాలు, పొర్లు పైపు చేరే చోటు
- మురుగు పైపు, వాన పైపు వేరు వేరు రంగులలో

మూడవ వ్యక్తి గీసిన రెడీమేడ్ డ్రాయింగును అతికించవద్దు. తనిఖీకి వచ్చినవారు పొర్లు పైపు ఏదని అడిగితే చూపగలగాలి. జలమండలి కొత్త కనెక్షన్‌కు వాననీటి ఏర్పాటు ఫోటోలు అవసరం పడతాయి కనుక, మట్టి కప్పక ముందే, టేపు కనిపించేలా ఫోటోలు తీయండి.

8. కట్టేటప్పుడు

లేఅవుట్‌లో మొదట కట్టవలసింది కాలువ, అదీ కింది చివర నుంచి పైకి. రోడ్లు వేశాక కాలువ చూద్దాం అనుకుంటే, మొదటి వానకే రోడ్డు కాలువ అవుతుంది.

ఒక్క ఇల్లు కట్టేవారు కూడా ఏప్రిల్, మే నెలల జల్లులకు ముందే కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. తవ్విన మట్టిని రోడ్డు మీద కుప్ప పోయకూడదు. ఇసుక, జల్లి (కంకర) చుట్టూ ఇటుకల వరుస పెట్టాలి. సైటు వాకిలి దగ్గర చిన్న పూడిక గుంట తవ్వి, వారానికి ఒకసారి ఎత్తించాలి. సెల్లారు గుంతలో నిలిచిన బురద నీటిని తేరనివ్వకుండా మోటారుతో కాలువలోకి తోడవద్దు. ఆ బురద రెండు వీధుల అవతల కల్వర్టులో గట్టిపడి, అక్కడివారి ఇళ్ళు మునగడానికి కారణమవుతుంది.

9. తరచుగా జరిగే తప్పులు, వాటి సవరణలు

డాబా నీటిని యూజీడీకి కలపడం. దగ్గరగా ఉందని ప్లంబరు చేసే పని ఇది. వాన పడగానే వీధిలోని మ్యాన్‌హోల్ పొంగి, అదే మురుగు కింది అంతస్తు బాత్రూములోకి తన్నుతుంది. ఇది నిషిద్ధం కూడా. సవరణ: డాబా మీద రంగు నీళ్ళు పోసి, మ్యాన్‌హోల్‌లో వస్తున్నదేమో చూడండి. వస్తే ఆ కలుపును మూసి, పైపును ఫిల్టరు వైపు మళ్ళించండి.

కారు ఎక్కే ర్యాంపు కింద సన్నని పైపు. హూడి వైపు ఏ అడ్డరోడ్డులో నడిచినా ఇది కనిపిస్తుంది. రెండడుగుల కాలువ మీద కాంక్రీటు ర్యాంపు పోసి, కింద నాలుగంగుళాల పీవీసీ పైపు పెడతారు. దాని నోట్లో ఒక పాల కవరు, రెండు కొబ్బరి మట్టలు చిక్కుకొని ఉంటాయి. ఆ ఒక్క ర్యాంపు వల్ల పైన పది ఇళ్ళ ముందు నీరు నిలుస్తుంది. సవరణ: ర్యాంపు పగలగొట్టి, కాలువ పూర్తి వెడల్పు మీద తీసి వేయగల ఇనుప జాలీ గానీ, పలకలు గానీ వేయండి.

సైటును మెరక చేసి పొరుగువారి నీటిని ఆపడం. పై స్థలంలో సహజంగా పడి, కాలువ కట్టకుండా పారే నీటిని కింది స్థలంవారు పోనివ్వాలని 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 7వ సెక్షన్ ఉదాహరణలలోనే ఉంది. మీరు రెండడుగులు మట్టి పోసి ప్రహరీ కడితే నీరు పక్కింటికి మళ్ళుతుంది, తగాదా మీ ఇంటికి వస్తుంది. సవరణ: ఇంటి పునాదిని మాత్రమే ఎత్తు చేసి, ప్రహరీ పక్కన నీటి దారిని పాత లెవెల్‌లోనే ఉంచండి. ప్రహరీ అడుగున కన్నాలు వదలండి.

వాన కాలువకు మురుగు వదలడం. యూజీడీ లేని లేఅవుట్‌లలో ఇది సాగిపోతున్నది. ఆ నీరంతా చెరువుకే చేరుతుంది. సవరణ: సెప్టిక్ ట్యాంకును సరిగా కట్టి, నిండినప్పుడు బండి పిలిపించండి. అపార్ట్‌మెంట్ అయితే శుద్ధి కేంద్రాన్ని నడిపించండి, కట్టి ఆపివేయడం కాదు.

ఇంకుడు గుంతను పార్కింగ్ పల్లంలో జల్లితో నింపి వదిలేయడం. రెండు వానాకాలాలకు పైపొర బురదతో మూసుకుపోతుంది. సవరణ: పైజల్లి తీసి కడిగి మళ్ళీ వేయండి, ముందు పూడిక తొట్టి కట్టండి. స్థలం ఉంటే గుంత బదులు ఖాళీ బావి మేలు, ఎందుకంటే దానిలోకి దిగి పూడిక ఎత్తవచ్చు. దిగేవారు ఒంటరిగా దిగకూడదు. లోపల గాలి ఆడుతున్నదని చూసుకొని, పైన తాడుతో మనిషిని ఉంచిన తరువాతే దిగాలి.

10. ఏటేటా చేయవలసినవి, అడ్డంకి వస్తే చేయవలసినవి

- మార్చిలో: డాబా ఊడ్చి, జాలీలు, ఫిల్టరు కడగడం
- ఏప్రిల్‌లో: పూడిక తొట్లు, బావి అడుగు శుభ్రం చేయడం
- మే నెలలో: మీ ఇంటి ముందు కాలువలో ఒక బకెట్టు నీరు పోసి అది కదులుతున్నదా చూడడం
- వానాకాలంలో: గట్టి వాన తరువాత ఫిల్టరు మరొకసారి
- అపార్ట్‌మెంట్లలో: ఈ పనులకు ఒక బాధ్యుడి పేరు, తేదీ రాసిన రిజిస్టరు. సంఘం కార్యవర్గం మారినా రిజిస్టరు మారకూడదు.

పై వైపున గానీ కింది వైపున గానీ ఎవరైనా రాజకాలువను మూసినా, సన్నం చేసినా మాటలతో చెప్పి ఊరుకోవద్దు. రోడ్డు పక్క కాలువ అయితే వార్డు ఇంజనీరుకు, రాజకాలువ అయితే వరదనీటి కాలువల విభాగానికి, బి ఖరాబు ఆక్రమణ అయితే తహసీల్దారుకు విడివిడిగా రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వండి. ఒకే కాగితాన్ని ముగ్గురికీ ఇస్తే ప్రతి ఒక్కరూ మిగతావారి పని అనుకునే వీలుంటుంది. ప్రతి ఫిర్యాదుకు సర్వే నంబరు, గ్రామ పటం నకలు మీద ఎర్ర గుర్తు, తేదీ కనిపించే ఫోటోలు, వాన పడిన రోజున నీరు నిలిచిన ఎత్తు జతపరచి, అందినట్టు ముద్ర వేయించుకోండి. నెల రోజులలో జవాబు రాకపోతే, అదే ముద్ర ఉన్న ప్రతిని జతచేసి, ఫిర్యాదు మీద తీసుకున్న చర్య ఏమిటో తెలపమని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి.